గంటల మీటర్

మార్చి 3

ఉత్తరపు గాలి. తెల్లవారేసరికి నేల గడ్డకట్టి ఉంది, పది దాటాక మెత్తబడింది. ఎనభై ఎకరాల చెక్కలో గోధుమకు పైపాటు ఎరువు సగం వేశాను. తొలిచూలు పెయ్య ఒకటి ఈనలేక అవస్థ పడుతోందని ఇర్మా అత్త ఫోన్ చేస్తే పని మధ్యలో వదిలేసి వచ్చాను. దూడ కాళ్ళకు తాడు కట్టి లాగాల్సి వచ్చింది. బతికింది.

సాయంత్రం అత్తా నేనూ షూల్టే వాళ్ళ పాత ట్రాక్టర్ చూసివచ్చాం. రంగు బాగుంది, టైర్లు కొత్తవి. అత్త వాటివైపు చూడనైనా లేదు. నేరుగా మెట్టెక్కి గంటల మీటర్ చూసింది. తొమ్మిది వేల చిల్లర. దిగివచ్చి, "చాలా కష్టపడింది షూల్టే ఇది, ఇంక పడుకోనియ్యి," అని మా పికప్ ఎక్కేసింది. ఎన్ని గంటలు తిరిగిందో తెలియకుండా అత్త ఏ యంత్రం మీదా చెయ్యి వేయదు.

భోజనాల దగ్గర చెల్లి బ్రెన్నా చెప్పింది, కాలేజీలో పైలట్ చదువుకి సీటు వచ్చిందట. రెండేళ్ళు. చివర డిగ్రీ ఇస్తారు. ఖర్చెంత అని అత్త అడిగితే ఎనభై వేల డాలర్లు దాటుతుందని ఒకే గుక్కలో చెప్పి నీళ్ళు తాగింది. అంటే ఎనభై ఎకరాలు తాకట్టు పెట్టాలి. పొలం అత్తది. పాలికి చేసేది నేను.

"కర్ట్ వెళ్ళి చూసొస్తాడు. ఎంత పెట్టాలి, ఎంత వస్తుంది, వాడే తేలుస్తాడు. వాడు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ," అంది అత్త.

బ్రెన్నా నావైపు చూసి నవ్వింది. నేను బంగాళదుంపలు వడ్డించుకున్నాను.

మార్చి 4

మిగతా ఎరువు వేశాను. నాకు పొలం గురించే బెంగ. ఇంకేం లేదు.

మార్చి 8

శనివారం. కాలేజీ చూడటానికి వచ్చేవాళ్ళకు ఇవాళ తలుపులు తీసిపెట్టారు. బ్రెన్నాకు వృద్ధాశ్రమం వంటింట్లో డ్యూటీ ఉంది, ఒక్కణ్ణే వెళ్ళాను. అదే మంచిదైంది, లెక్క చూసేవాడి పక్కన ఆశపడేవాళ్ళు ఉండకూడదు.

కాలేజీ ఫీజు తక్కువే, మన జిల్లా వాళ్ళకు మరీ తక్కువ. ఖర్చంతా విమానానిది. ఇంజన్ తిరిగిన ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. చదువయ్యాక కూడా వెంటనే పెద్ద విమానం ఎక్కనివ్వరు. ముందు కొత్తవాళ్ళకు నేర్పాలి. గంటకు పాతిక డాలర్లు, అదీ గాలిలో ఉన్నంతసేపే. గాలివాన వస్తే ఆ రోజు జీతం లేదు. అలా పదిహేను వందల గంటలు కూడబెట్టుకుంటేనే విమానాల కంపెనీ పిలుస్తుంది. పిలిచాక మొదటి ఏడాదే తొంభై వేలు ఇస్తుందట. నాకు సొసైటీలో ఎరువులూ మందులూ ఎత్తినందుకు, ఇంట్లో పొలం చేసినందుకు, రెండూ కలిపినా అందులో సగం లేదు.

పక్క షెడ్డులో విమానాలు బాగుచేసే చదువుంది. ఇరవై వేలతో అయిపోతుంది, బయటికి రాగానే పని. బ్రెన్నాకు అది చాలు అనిపించింది నాకు. విప్పడం, బిగించడం, నేలమీదే ఉండటం.

నేర్పే ఆయన పేరు ఓడెల్. అరవై దాటాయి. ఎండాకాలం మన పొలాలకు మందు కొట్టే విమానం నడిపేది ఈయనే. నేను పికప్ వెనక తలుపు మీద కూర్చుని చూసిన పసుపు విమానం. ఆ సంగతి ఆయనతో అనలేదు. డిగ్రీతో ఏమిటి లాభం, ఊరికే నేర్చుకుంటే పోదా అని అడిగాను. ఈ కాలేజీ డిగ్రీ ఉంటే పదిహేను వందల గంటలు అక్కర్లేదు, పన్నెండు వందల యాభైకే కంపెనీ తీసుకుంటుంది అన్నాడు. అంటే రెండువందల యాభై గంటలు ముందే పెద్ద జీతం. చిన్న సంగతి కాదు.

షెడ్డు గోడ నిండా గుడ్డముక్కలు మేకులకు కొట్టి ఉన్నాయి. గళ్ళవి, నీలివి, ఒకటి గులాబీ రంగుది. పక్కన గురువు లేకుండా మొదటిసారి ఒంటరిగా నడిపి దిగిన రోజున చొక్కా వెనక భాగం కత్తిరించి, పేరూ తేదీ రాసి అక్కడ పెడతారట. పాతరోజుల్లో గురువు వెనక సీట్లో కూర్చుని శిష్యుడి చొక్కా పట్టుకుని లాగి చెప్పేవాడట. ఇంక లాగక్కర్లేదని చెప్పడానికి కోసేస్తారు. అన్నీ చదివాను.

వచ్చిన వాళ్ళందర్నీ ఇరవై నిమిషాలు పైకి తీసుకెళ్ళారు. నన్ను కూడా. పైన ఓడెల్ కాసేపు విమానం నా చేతికిచ్చాడు. దిగాక ఓడెల్ ఒక మాట అడిగాడు. అది రాయను.

మార్చి 9

చర్చి నుంచి వచ్చాక అత్త క్యాబేజీ, మాంసం కూరి బన్నులు కాల్చింది. బ్రెన్నా డ్యూటీలోనే ఉంది. లెక్క చెప్పమంది. ఖర్చు చెప్పాను. నేర్పేటప్పటి పాతిక డాలర్లు చెప్పాను. గాలివాన రోజు జీతం లేదని చెప్పాను. తర్వాత పదిహేను వందల గంటల సంగతి చెప్పాను.

అత్త చేతిలో బన్ను కింద పెట్టింది. "అంటే పని దొరికేసరికే పదిహేను వందల గంటలు తిరిగిపోయి ఉంటుందా పిల్ల?"

"తిరిగి ఉండాలి."

"ఆ నేర్పే ఆయనకెన్నట?"

"వేలల్లో ఉంటాయి."

"అందుకే పిల్లలకు నేర్పుకుంటూ మూల కూర్చున్నాడు. ఎవరు పెట్టుకుంటారు మరి. అంత తిరిగిన దాన్ని ట్రాక్టరైనా కొనం." కాసేపు కిటికీలోంచి చూసింది. "దాని మీటర్ దాని డబ్బుతోనే తిప్పుకుని, అరిగాక పనికి వెళ్ళడం. ఇదేం చదువురా కర్ట్?"

అత్త అలా అనుకుంటుందని నేను అనుకోలేదు. సరిచెయ్యడానికి నోరు తెరిచాను కూడా. నోట్లో బన్ను ఉంది.

నేను అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. పన్నెండు వందల యాభై సంగతి అత్త అడగలేదు, నేను చెప్పలేదు.

మార్చి 10

అత్త పొద్దున చెప్పేసింది. బ్రెన్నా "సరే" అంది. అంతే. డ్యూటీకి వెళ్తూ నా దగ్గర ఆగి, "గంటల సంగతి చెప్పావా అన్నా?" అంది.

"చెప్పా."

"చెప్పినా కాదందా?"

"అత్త సంగతి నీకు తెలుసుగా."

పొలం దక్కింది.

మార్చి 22

కంచె బాగుచేస్తుంటే విమానం ఒకటి తక్కువ ఎత్తులో పోయింది. బ్రెన్నా తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. తీగె లాగుతూ ఉన్నాం.

ఏప్రిల్ 11

వాన లేదు. గోధుమ ఆకు కొసలు ఎండుతున్నాయి. బ్రెన్నా ఒకసారైనా అరిచి ఉంటే బాగుండేది. వంటింటి డ్యూటీ ఇంకో రోజు ఎక్కువ అడిగి తీసుకుంది. జీతంలో సగం అత్త చేతికిస్తోంది. అత్త దాన్ని తీసుకుంటూ మంచిపిల్ల అంటుంది. పదిహేనేళ్ళుగా ఈ ఇంటి పొలం నేను చేస్తున్నాను. మంచివాడని నన్ను అనగా నేను వినలేదు.

ఏప్రిల్ 19

బ్రెన్నా లైబ్రరీ నుంచి పైలట్ల పరీక్ష పుస్తకం తెచ్చుకుందని ఇవాళే తెలిసింది. దాని కారు సీటు కింద ఉంది. గాలి, బరువు, మబ్బులు, దిక్కులు. ఒక పేజీలో ఇరవై ప్రశ్నలకు అది పెన్సిల్‌తో గీసుకున్న జవాబులున్నాయి. పదహారు సరైనవి. వాటిని అరచేత్తో మూసుకుని నేను చేశాను. నాకు పద్దెనిమిది వచ్చాయి.

పుస్తకం ఉన్నచోటే పెట్టేశాను.

మే 14

రాత్రి పడిన వానకు గోధుమకు తెగులు రావచ్చని షూల్టే వాళ్ళు మందు కొట్టించుకున్నారు. సొసైటీ తరఫున ట్యాంకు నింపే పని నాది. పసుపు విమానం వచ్చి దిగింది. ఓడెల్ నన్ను గుర్తుపట్టాడు. మళ్ళీ రాలేదేం అన్నాడు. గొట్టం బిగిస్తూ ఉన్నాను. అదే సమయానికి అత్త నాకు మధ్యాహ్నం తిండి తెచ్చింది. ఎప్పుడూ తేదు. ఇవాళే తెచ్చింది.

ఓడెల్ టోపీ తీసి పలకరించాడు. "మీ అమ్మాయి పేరు ఆగస్టు క్లాసులో లేదేమిటమ్మా? ప్రవేశ పరీక్ష బాగా రాసిందే."

"ఎందుకయ్యా అడుగుతావు. పదిహేను వందల గంటలు అయిపోయిన పిల్లని ఎవరు పెట్టుకుంటారు?" అని, ఆయనవైపు జాలిగా చూసి, "నీకెన్ని అయ్యాయి?" అంది.

"పద్నాలుగు వేలు దాటాయి."

"అయ్యో. అయినా ఇంకా పనిచేయించుకుంటున్నారా నీచేత?"

ఓడెల్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక విమానం రెక్క పట్టుకుని నవ్వాడు. అత్త నవ్వలేదు. అప్పుడు ఆయన నిదానంగా చెప్పాడు. ట్రాక్టర్‌కి గంటలు పెరిగితే వెల పడిపోతుంది, పైలట్‌కి గంటలు పెరిగితేనే వెల వస్తుంది, అవి తప్ప తనకు వేరే ఆస్తి లేదు అని. "ఇదంతా మార్చిలోనే మీవాడికి చెప్పానమ్మా. డిగ్రీ ఉంటే రెండువందల యాభై గంటలు ముందే తీసుకుంటారని కూడా చెప్పాను. తనే అడిగాడు."

అత్త నావైపు చూడలేదు. తిండి డబ్బా మీద గుడ్డ కప్పి, అంచులు లోపలికి మడిచింది. "చల్లారిపోతుంది, తిను," అని వెళ్ళిపోయింది.

ట్యాంకు నిండింది. మూత బిగించాను.

మే 15

పశువుల దొడ్లో అత్త అడిగింది.

"నేనలా అనుకున్నానని నీకు తెలుసా?"

"తెలుసు."

"పొలం పోతుందనా?"

"అవును."

చాలాసేపు చూసింది నన్ను, ఈనబోయే పశువును చూసినట్టు. "అయితే పొలం జోలికి పోను. నా ఆవుల్ని అమ్ముతా. ఈ ఏడు ధర ఉంది. ఇప్పుడు చెప్పు. ఊ నా, ఊహూ నా?"

నీళ్ళతొట్టి నిండి పొర్లుతోంది. వెళ్ళి కట్టేసి వచ్చాను. ఇంకా అక్కడే ఉంది.

"ఊ," అన్నాను.

పొలం పోదు. సంతోషించాలి.

మే 16

పొలం పోదు.

మే 18

బ్రెన్నా ఇల్లంతా పాడుకుంటూ తిరుగుతోంది. అత్త మనసు మార్చుకుందని అనుకుంటోంది. నేనే మాట్లాడి ఒప్పించానని అత్త దానితో చెప్పిందట. అది వచ్చి నా మెడ పట్టుకుంది. అత్త ఎందుకలా చెప్పిందో నాకు తెలియదు. నిజం చెప్పి ఉంటే దులిపేసుకునేవాణ్ణి.

జూన్ 26

కోత అయిపోయింది. అనుకున్నదానికన్నా తక్కువ. వేడి భరించలేనంత ఉంది. బ్రెన్నా లారీ నడిపింది. కోత మిషన్ పక్కన లారీ పెట్టి, రెండూ ఆగకుండా కదులుతుంటే గింజ పోయించుకోవాలి. ఒక్క గింజ నేల పడనివ్వలేదు. దూరం, వేగం దానికి ఎలా తెలుస్తాయో. నేనే నేర్పాను నిజానికి.

జూలై 17

ఆవుల్ని సంతకు తోలుకెళ్ళాను. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. మార్చిలో తాడు కట్టి లాగిన దూడ తల్లితోపాటు రెండో ట్రిప్పులో పోయింది. మంచి ధర పలికింది. రెండేళ్ళ విమానం గంటలకు సరిపోతుంది.

తిరిగి వస్తుంటే అత్త బండిలో మాట్లాడింది. మామూలుగా రేడియోలో ధాన్యం ధరలు వింటుంది, ఇవాళ కట్టేసింది.

"మీ అమ్మానాన్నా చనిపోయిన ఏడు నీకు పద్దెనిమిది. ఎక్కడికైనా వెళ్తానని అడుగుతావేమో అని ఎదురుచూశా."

"పొలం ఎవరు చేస్తారు? బ్రెన్నా అప్పుడు నాలుగేళ్ళ పిల్ల."

"అది నేను చూసుకునేదాన్ని కదా. నువ్వడగాలి కదా."

"నువ్వూ అడగలేదు," అన్నాను.

"లేదు. వద్దంటావని కాదు. ఊ అంటావని భయపడ్డా." తర్వాత రేడియో పెట్టింది. జొన్న కొంచెం తగ్గింది.

జూలై 18

దొడ్డి ఖాళీ. అలవాటుకొద్దీ తొట్టి నింపాను.

ఆగస్టు 17

ఎండ. బ్రెన్నా వెళ్ళింది. అత్త బన్నులు కట్టింది, పది మందికి సరిపోయేటన్ని. కారెక్కబోతూ వెనక్కి వచ్చి నా సొసైటీ చొక్కా ఒకటి ఇమ్మంది. షెడ్డులో నూనె, మసి, మంచి బట్టలు పాడవుతాయట. పాతదివ్వబోతే వేలాడుతున్న బూడిదరంగుది తీసుకుంది. జేబు మీద నా పేరు కుట్టి ఉంటుంది. సొసైటీవాళ్ళు ఏడాదికి రెండే ఇస్తారు.

"పేరు ఊడదీసుకో," అన్నాను.

"ఎందుకు, ఎవరైనా నన్ను చూసి ఎరువు బస్తా అడుగుతారనా?"

మధ్యాహ్నం వరకు పెరట్లో గడ్డి కోశాను.

సెప్టెంబర్ 20

విత్తే గొర్రుకు గొట్టాలు మార్చాను. నేల పదునుగా ఉంది.

ప్రతి శనివారం ఫోన్ వస్తుంది. అత్త దాన్ని స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచి మొదట ఇదే అడుగుతుంది, "మీటరెంతయిందే?" ఇవాళ పదమూడు అంది. అత్త చర్చిలో పేకాట ఆడేవాళ్ళందరికీ చెప్పుకుంటోంది, మా పిల్ల మీటర్ పదమూడు అని. ముందు వాళ్ళూ జాలిపడ్డారట. అందరికీ అత్తే విడమరిచి చెప్పిందట.

అడ్డగాలిలో దిగడం దానికి ఇంకా కుదరడం లేదట. రెండుసార్లు దించబోయి మళ్ళీ పైకి లేపాల్సి వచ్చిందట. ఆ మాట విన్నాక నాకు ఆకలి బాగా వేసింది. ఇదొక్కటీ ఇక్కడ కాక ఇంకెక్కడా చెప్పను.

రాయనన్నది కూడా రాసేస్తాను. మార్చిలో దిగాక ఓడెల్ అడిగింది ఇది: "ఇంతకుముందు ఎన్ని గంటలు నడిపావు?" ఒక్కటీ లేదన్నాను. ఆయన నమ్మలేదు.

అక్టోబర్ 11

శనివారం. విత్తనానికి మంచి రోజు, ఎనభై ఎకరాల్లో ఇంకా ముప్పై మిగిలింది. అత్త పొద్దునే కోటు వేసుకుని ట్రాక్టర్ ముందు నిలబడింది. బ్రెన్నా ఇవాళ ఒంటరిగా ఎక్కుతుందట. గింజలు రేపైనా నేలలో పడతాయి, పద అంది.

గాలి పక్కనుంచి కొడుతోంది, కొంచెమే. ఓడెల్ విమానంలోంచి దిగి తలుపు వేసి పక్కకు తప్పుకున్నాడు. విమానం రన్‌వే చివరికి వెళ్ళి తిరిగింది. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. అది పైకి లేచింది. ఒక చుట్టు చుట్టి దిగేటప్పుడు గాలికి పక్కకు జరిగింది. ఎడమ చక్రం ముందు తగలాలి, కుడి కాలు నొక్కిపెట్టు అని నా నోట్లోంచే వచ్చింది, పైకి వినపడేలా. మరి పడిపోవాలని అనుకున్నానా, దిగాలని అనుకున్నానా అని ఇంటికొచ్చేదాకా అడుక్కున్నాను. దిగాలనే అనుకున్నాను. కానీ ఇంకోసారి లేపాల్సి వస్తే చాలని కూడా అనుకున్నాను. ఒక్కసారికే దిగింది.

క్లాసువాళ్ళు ఆరేడుగురు పరిగెత్తారు. "కర్ట్, కర్ట్" అని అరుస్తున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. నన్ను కాదు. చొక్కా జేబు చూసి మొదటి రోజు నుంచీ దాన్ని అలాగే పిలుస్తున్నారట.

ఓడెల్ కత్తెర తెచ్చాడు. దాన్ని వెనక్కి తిప్పి, నా చొక్కా వెనకవైపు జానెడు మేర కత్తిరించాడు. గుడ్డను బల్లమీద పరిచి, పెన్ను మూత తీసి, ఏ పేరు రాయమంటావు అని అడిగాడు.

"వీళ్ళు పిలిచేదే రాయండి," అంది బ్రెన్నా.

రాశాడు. కర్ట్. అక్టోబర్ 11. గోడకు కొట్టాడు.

"పేరు తప్పు రాశావయ్యా," అంది అత్త.

"తప్పేం లేదత్తా," అంది బ్రెన్నా. నావైపు చూడలేదు. పన్నెండు వందల యాభై సంగతి దానికెప్పుడు తెలిసిందో, అసలు తెలిసిందో లేదో, ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఓడెల్ నా పక్కకొచ్చి, ఇంకో పావుగంట విమానం ఖాళీగానే ఉంది, ఎక్కుతావా అన్నాడు. విత్తనం వేయాలన్నాను. నిజమే కదా, ముప్పై ఎకరాలుంది.

వెళ్ళేముందు అందరూ టీ నీళ్ళకోసం లోపలికి పోయాక గోడ దగ్గర నిలబడ్డాను. గోడమీద ఇంకో కర్ట్ లేడు.

అక్టోబర్ 12

ఆదివారమైనా విత్తాను. అయిపోయింది. బ్రెన్నా మధ్యాహ్నం ఇంటికొచ్చి గొర్రు వెనక నడిచి, గొట్టాలు మూసుకుపోకుండా చూసింది. భోజనాల దగ్గర అత్త దానికి రెండో బన్ను వేసి, నాకు మూడోది వేసింది.

అక్టోబర్ 13

గాలి లేదు. మంచు పడింది. వెనక కత్తిరించిన నా చొక్కాను బ్రెన్నా ఉతికి కుర్చీ మీద వదిలేసింది. వేసుకుని దొడ్డిదాకా వెళ్ళివచ్చాను. వెనక నడుము దగ్గర చలి తగులుతోంది. ఇంకోటి ఉతకాలి, అప్పటిదాకా ఇదే.

బ్రెన్నా పొద్దున అయిదున్నరకు కాలేజీకి వెళ్ళింది.